కట్టినావా?

తాళం తిప్పింది. గుట్ట కదలలేదు.

తూటాలు పేల్చే పెట్టె మీద చిన్న ఎర్రదీపం మాత్రం వెలిగింది, నిండాను అని అది చెప్పిన తరువాతే సవిత ఊపిరి బిగబట్టి తాళాన్ని చివరిదాకా తిప్పింది, తిప్పితే రావలసిన మోత రాలేదు, కాళ్ల కింద నేల అదరలేదు, క్వారీ రాతిగోడ ముందు దుమ్ము లేవలేదు. ఇనుప రేకుల గూట్లో ఆమె పక్కన చెవులు మూసుకుని కూర్చున్న పాపన్న ఇంకా కళ్లు తెరవలేదు, పైన గద్ద ఒకటి తన పాటికి తాను తిరుగుతూనే ఉంది, దూరంగా బంగారుపేట వైపు పోయే రైలు కూత వేసింది, లోకమంతా ఎప్పటిలాగే నడుస్తోంది, ఆ గోడలో కూరిన తూటాలు ఒక్కటే నడవలేదు. పేలినప్పుడు గుండె ఝల్లుమనడం ఆమెకు చిన్నప్పటి నుంచి అలవాటే. పేలనప్పటి భయం ఇవాళే తెలిసింది.

చేతులు మాత్రం భయపడలేదు, వాటికి నాయన నేర్పింది గుర్తుంది. తాళం బయటికి లాగి దారంతో సహా మెడలో వేసుకుంది, పెట్టె మీది రెండు ఇత్తడి మరల నుంచి గోడ దాకా పోయే వైర్లు రెండూ ఊడదీసి వాటి కొసలు కలిపి మెలిపెట్టింది, జానెడు రాగి తీగతో ఆ రెండు మరలనూ ఒకేసారి తాకించింది. టిక్. నీలంగా ఒక రవ్వ. లోపల మిగిలి ఉన్నది బయటికి వచ్చేసింది, పెట్టె ఖాళీ. తీగను అలాగే మరలకు చుట్టింది. అప్పుడు కళ్లు తెరిచాడు పాపన్న.

“ఏమాయమ్మా? యాల పేల్లేదు?”

“తెలీదు చిన్నాయనా. గంట ఆగాల.”

“గంటా? రూల్లో అంత లేదే.”

“నాయన గంట అనినాడు. గంటే.”

క్రషర్ వైపు నుంచి మేనేజరు శశికుమార్ మైకులో అరుస్తున్నాడు, “సవితమ్మా, ఏం జరగతా ఉండాది? లారీలు నిలబడిపోయినాయి, బేగ బేగ!” అని. ఆమె గూట్లోంచి చెయ్యి బయటపెట్టి ఎర్రజెండా ఊపింది, ఎవరూ రావద్దు అని. ఆ జెండాకు జవాబు చెప్పే ధైర్యం శశికుమార్‌కు కూడా లేదు. మైకు గొణిగి ఊరుకుంది. ఫోన్లన్నీ పొద్దుననే ఆపించి ఆఫీసులో రేకు డబ్బాలో పెట్టించారు, కాబట్టి ఇక ఈ గంటలో లోకానికీ ఆమెకూ సంబంధం లేదు. ఉన్నదల్లా ఒళ్లో ఈ పెట్టె, పక్కన పాపన్న, ఎదురుగా ఆ గోడ. గంట అయ్యాక ఆ గోడ దగ్గరికి ఒక్కరు పోవాలి, పోయి, ఏ కన్నంలో ఏముందో, వైరు ఎక్కడ తెగిందో, లోపల ఏ మూలైనా నిప్పు రాజుకుంటోందో కంటితో చూడాలి. తాళం ఎవరి మెడలో ఉంటే వాళ్లే పోవాలి. తను గోడ దగ్గర ఉండగా ఇంకెవరూ పెట్టె తిప్పకుండా ఉండాలంటే తాళం తన మెడలోనే ఉండాలి కదా, అందుకు పెట్టిన పద్ధతి అది. ఇవాళ మొదటిసారి ఆ తాళం సవిత మెడలో ఉంది.

నాయన మెడలో ఎన్నేళ్లు ఉంది అది. మునివెంకటప్ప అంటే కోలారు గనుల్లో చాలామందికి తెలుసు, పలమనేరు పక్క పల్లెనుంచి బంగారు గనికి దిగిన తాత మనవడు, చాంపియన్ రీఫ్ గని లోతుల్లో రాయి పగలగొట్టినవాడు, గని మూసేశాక ఈ క్వారీలకు వచ్చినవాడు. సాయంత్రం గని కూలీల లైను ఇంటి గుమ్మంలోకి రాగానే లోపలికి అడుగు పెట్టకుండా నిలబడి తనను తానే అడిగేవాడు, “కట్టినానా?” అని, ఒక నిమిషం ఆలోచించి, “ఆ, కట్టినా” అని తనే జవాబు చెప్పుకుని బూట్లు విప్పేవాడు. అమ్మ చిక్కమ్మ నవ్వేది. “ఏమి కట్టేది? ఇంట్లో గొడ్డా గోదా? ఏ ఆవు తెంచుకోని పోతాదని నీ దిగులు?” అనేది. ఆయన కట్టేది ఆవును కాదు, ఈ పెట్టెను, ఈ రాగి తీగతో. పని అయిపోయిన తరువాత ఆ రెండు ఇత్తడి మరలకూ తీగ చుట్టకపోతే ఆయనకు అన్నం దిగదు. ఇప్పుడు ఆయన చెవులు దాదాపు పోయాయి, గుట్టలు పేల్చినవాడి చెవులను గుట్టలు ఊరికే వదలవు. వినిపించక మాటలు తగ్గాయి, తగ్గిన మాటల్లో ఆ ఒక్కటీ నిలిచింది, సవిత ఈ పనిలో సాయానికి చేరినప్పటి నుంచి ఇల్లు చేరగానే గుమ్మంలో అడ్డం నిలబడి అడుగుతాడు. “కట్టినావా?” ఆమె రెండు చేతులతో ముడి వేసినట్టు చూపిస్తుంది. అప్పుడు దారి ఇస్తాడు.

పెట్టె ఒళ్లో వెచ్చగా ఉంది, మధ్యాహ్నం ఎండకు రేకుల గూడంతా పొయ్యి మీది పెనంలా ఉంది. ఇంత చిన్నది. టిఫిను క్యారియరంత కూడా లేదు. దీని లోపల ఒక కండెన్సరు, ఆ కండెన్సరు లోపల పల్చటి లోహపు రేకులు రెండు, వాటి మధ్య అంతకన్నా పల్చటి ప్లాస్టిక్ పొర, మూడూ కలిపి చాపలా చుట్టిన చుట్ట, అంతే, ఇంకేమీ లేదు. ఆ చుట్ట తలుచుకుంటే అంత గోడ కూలుతుంది. దాన్ని తలుచుకున్నప్పుడల్లా సవితకు ఒళ్లు జలదరిస్తుంది. అందులోనూ ఆ శక్తి ఎక్కడ ఉంటుంది అంటే రేకుల్లో కాదట, మధ్యలో ఉన్న ఆ ప్లాస్టిక్‌లోనట. కరెంటును తన గుండా పోనివ్వని ప్లాస్టిక్‌లో. పోనివ్వనిదే పట్టుకుని కూర్చుంటుందట. ఈ మాట డిప్లొమాలో పురుషోత్తమ్ సారు చెప్పినప్పుడు క్లాసులో సగం మంది నిద్రపోతున్నారు. ఆమెకు మాత్రం నాయన గుమ్మంలో నిలబడటం గుర్తొచ్చి మెలకువగా ఉంది.

ఆ రోజు సారు రెండు రేకులు ఎదురెదురుగా నిలబెట్టాడు, మధ్యలో అరచెయ్యి దూరేంత సందు, వాటికి కరెంటు ఎక్కించి తీగలు ఊడదీసి సూదిని చూడండి అన్నాడు. మీటరులో సూది లేచి నిలబడింది. తరువాత కిటికీ అద్దం ముక్క ఒకటి దారానికి కట్టి, ఆ సందులోకి, దేనికీ తగలకుండా, మెల్లగా దించాడు. సూది పడిపోయింది. అద్దం పైకి తీశాడు, సూది లేచింది. దించాడు, పడింది. రేకుల మీది చార్జ్ ఎక్కడికీ పోలేదు, అక్కడే ఉంది, అద్దం దాని జోరు తగ్గించిందంతే, జోరు తగ్గింది కాబట్టి అదే జోరుకు ఇంకా చాలా నింపొచ్చు, ఖాళీ గాలి ఉన్నప్పటికంటే ఎన్నో రెట్లు, అన్నాడు. సవిత లేచి అడిగింది. “అద్దం రేకులకు తగల్లేదు గదా సార్, దాంట్లోకి కరెంటు పోలేదు గదా, మరి దానికి ఎట్ల తెలిసింది?” సారు సుద్దముక్క బల్ల మీద పెట్టేశాడు. “అదే గదమ్మా. ఇన్నేండ్లుగా చెప్తా ఉండాను, నాకు ఇంగా వింతగానే ఉండాది.” ఆ తరువాత ఇంకొకటి చూపించాడు, రేకుల అంచు దగ్గర దారానికి వేలాడుతున్న అద్దాన్ని వదిలేశాడు, ఎవరూ ముట్టలేదు, గాలి లేదు, అద్దం తనంతట తాను సందులోకి కాస్త జరిగింది, ఎవరో పిలిస్తే తలుపు సందులోంచి తల లోపలపెట్టినట్టు. బెల్లు కొట్టారు, అందరూ వెళ్లిపోయారు, రాబర్ట్‌సన్‌పేట బస్సు కూడా వెళ్లిపోయింది, సవిత ఆ అద్దాన్ని చూస్తూనే నిలబడింది. ఇంత ఆశ్చర్యం లోకంలో పెట్టుకుని మనుషులు బస్సు కోసం ఎట్లా పరుగెత్తుతారో ఆమెకు ఆ రోజు అర్థం కాలేదు.

బస్సు అంటే మళ్లీ కోలారు పక్క నరసాపురం కంపెనీ బస్సు గుర్తొచ్చింది. తూటాలు పేల్చే లైసెన్సు రాకముందు కొన్నాళ్లు తమ్ముడు మునేష్‌తో పాటు ఆమె కూడా బండ్ల ఫ్యాక్టరీకి పోయేది, తెల్లారకముందే కిక్కిరిసిన బస్సు, నిలబడినవాళ్లు నిలబడిన చోటి నుంచి అంగుళం జరగలేరు. బస్సు మలుపు తిరిగితే అందరూ ఒకేసారి ఒరిగేవాళ్లు, కాళ్లు అక్కడే, ఒళ్లు మాత్రం ఒక పక్కకు. ప్లాస్టిక్ లోపల కూడా అంతేనని ఒక పొద్దున ఆ ఒరుగులోనే ఆమెకు తట్టింది. లోహంలో అయితే కరెంటు పరుగెత్తుతుంది, ప్లాస్టిక్‌లో ఎవరూ కదలలేరు, ఉన్నచోటనే ఒరుగుతారు, అణువు అణువూ ఒకే పక్కకు ఒరిగి నిలబడి ఆ బరువును ఓర్చుకుంటాయి, ఆ ఒరిగి నిలబడటమే శక్తి దాచుకోవడం. మలుపు అయిపోగానే అందరూ నిటారుగా నిలబడేవాళ్లు. ఇనుప కంబీకి ఆనుకుని నిద్రపోయే ఇద్దరు ముగ్గురు మాత్రం ఒరిగినవాళ్లు ఒరిగినట్టే ఉండి, బస్సు తిన్నటి రోడ్డెక్కిన చాలాసేపటికి, ఉలిక్కిపడి లేచేవాళ్లు. మునేష్ వాళ్లలో ఒకడు. వాడి తల ఆమె భుజం మీదే ఉండేది.

చెమట కంట్లోకి కారింది. తుడుచుకోబోతూ ఆగింది. ఏదో వాసన. తూటా వాసన కాదు, దుమ్ము కాదు. వంటింటి వాసన. పోపులో పసుపు ఎక్కువసేపు మాడితే వచ్చే వాసన. పెట్టె వైపు వంగి చూసింది. రెండు ఇత్తడి మరల మధ్య నల్లటి ప్లాస్టిక్ మూత మీద పసుపు, దాని నడుమ కుంకుమ బొట్టు, ఒక మల్లెపూవు, తాళం తిప్పే ముందు పాపన్న పెట్టినవి. రాగి తీగ విప్పి పూవును పక్కకు జరిపింది. తడి పసుపు మీద, ఈ మర నుంచి ఆ మర దాకా, వెంట్రుకంత సన్నగా ఒక నల్లటి గీత. మాడిన గీత.

ఇందాక ఆయన ఎంత ఇష్టంగా పూశాడు. పాపన్న డ్రిల్లర్, రాతికి కన్నాలు వేసేవాడు, నాయనతో పాటు గనిలో పనిచేసినవాడు, సవితను ఎత్తుకుని తిప్పినవాడు. “మొదటి దినం ఒట్టి పెట్టె తిప్పగూడదమ్మా, గనిలో దిగేముందు మేము పూజ చెయ్యకుండా దిగినామా ఎప్పుడన్నా?” అని, రాగి తీగ విప్పి, నీళ్లలో తడిపిన పసుపు ఇంత తీసి పెట్టె ముఖం ఏదో చూసుకుని, రెండు మరలూ రెండు కళ్లలా కనిపించాయి కాబోలు, సరిగ్గా వాటి మధ్యనే పూసి బొట్టు పెట్టాడు. ఆమె కూడా నవ్వుతూ కళ్లకద్దుకుంది. ఇద్దరికీ తోచలేదు, ఆ నల్లటి మూత ఊరికే మూత కాదు, ఆ రెండింటినీ విడదీసి ఉంచే కాపలా అది, పొడిగా ఉన్నంతసేపే అది కాపలా, తడి పసుపు పడితే అదొక దారి. తాళం తిప్పగానే గోడ దాకా పోవలసిన నిప్పు ఇక్కడే, ఈ పసుపు మీదుగా, అడ్డదారిన పోయింది. గోడలో తప్పు లేదు. కన్నాల్లో తప్పు లేదు. ఒక మనిషి ప్రేమ తడిగా ఉండటమే తప్పు.

ఆమె చూపు ఎక్కడుందో పాపన్న చూశాడు. గీతను చూశాడు. కళ్లు చిన్నవి చేసుకుని చాలాసేపు చూశాడు.

“నేనే చేసినానా అమ్మా?”

ఆమె పూవును చేతిలోకి తీసుకుంది.

“నీ బాగు కోసరం పూసినా గదమ్మా.”

“తెలుసు చిన్నాయనా.”

“అట్లయితే నేనే పోతా గోడ కాడికి. తాళమియ్యి.”

“తాళమిస్తే నాయన నన్ను ఇంట్లోకి రానిస్తాడా?” అంది. నవ్వించాలనే అంది, ఆయన నవ్వలేదు, తలపాగా విప్పి ముఖం తుడుచుకున్నాడు, తుడుచుకోవడం చాలాసేపు పట్టింది. ఆమె కొంగు కొసతో పసుపు తుడిచింది, తుడిచి, గీరి, పొడిగుడ్డతో రుద్ది, మూత ఆరనీ అని పెట్టెను ఎండకు పెట్టింది. రాగి తీగ పక్కన పెట్టింది. ఒక్క పూవును మాత్రం జడలో పెట్టుకుంది, ఆయన చూసేలా.

కారణం తెలిసింది కాబట్టి భయం పోవాలి. పోలేదు. తెలిసింది అనుకోవడం వేరు, గోడలో ఏముందో నిజంగా తెలియడం వేరు. ఆ గీత ఒక్కటే కారణమని ఎవరు చెప్పారు, నిప్పులో కాస్తయినా అక్కడిదాకా పోయి ఉంటే, ఏ కన్నంలోనో తూటా పొగలు కక్కుతూ ఆలోచిస్తూ ఉంటే. చచ్చిపోతానేమో అని భయమేసింది, దాచుకోకుండా భయమేసింది, అరచేతులు చల్లబడ్డాయి. అంతకంటే పెద్ద భయం ఇంకొకటి ఉంది. తనకేమైనా అయితే ఆ మాట నాయనకు మెల్లగా చెప్పడం కుదరదు. అమ్మ ఆయన చెవిలో అరిచి చెప్పాలి. లైనులో ఇళ్లన్నీ వినేలా, ఒకసారికి అర్థం కాకపోతే మళ్లీ అరిచి చెప్పాలి.

రాతి మీద అరచెయ్యి పెట్టింది, చెయ్యి వెచ్చబడేదాకా ఉంచింది. ఈ రాయి కూడా అంతే. గనుల్లో దాన్ని ఎయిర్ బ్లాస్ట్ అనేవాళ్లు, పైనున్న భూమి బరువంతా ఏళ్లకేళ్లు పట్టుకున్న రాయి ఒకనాడు ఎవరూ ముట్టకుండానే వదిలేస్తుంది, లైను ఇళ్లలో గూళ్లలోని పళ్లాలన్నీ ఒక్కసారి గలగలమంటాయి, ఆడవాళ్లు చేస్తున్న పని వదిలేసి గనిలోకి దిగే షాఫ్టు దగ్గరికి పరుగెత్తుతారు. గని మూసిన తరువాత పుట్టెడు నీళ్లు నిండిన ఆ సొరంగాల్లో రాయి ఇప్పటికీ అప్పుడప్పుడూ కదులుతుంది, పళ్లెం గలగలమంటే అమ్మ చెయ్యి ఇప్పటికీ ఉలిక్కిపడి ఆగుతుంది. రాయి పట్టుకుంటుంది, ప్లాస్టిక్ పట్టుకుంటుంది, వానకు ముందు మబ్బుకూ నేలకూ మధ్య గాలి పట్టుకుంటుంది, ఇక పట్టలేనప్పుడు పిడుగవుతుంది. కదలకుండా అడ్డం నిలబడినవన్నీ ఎంతెంత మోస్తున్నాయో. పైకి ఏమీ కనిపించదు. ఆ నల్లటి మూత, ఆ బూడిదరంగు గోడ, గుమ్మంలో అడ్డం నిలబడిన మాట వినిపించని మనిషి, చూస్తే ఏమీ కనిపించదు. ఎండలో కూర్చుని సవితకు ఏడుపు వచ్చేంత ఆశ్చర్యం వేసింది, చేతులెత్తి ఎవరికైనా దండం పెట్టాలనిపించింది, ఎవరికో తెలియక ఊరుకుంది.

గంట నిండింది. మైకు మళ్లీ మేలుకుంది. “సవితమ్మా, అయిందా లేదా? స్వల్ప చూడమ్మా, డ్రైవర్లు కిందికీ మీదికీ ఎగరతా ఉండారు!”

ఆమె లేచింది. పాపన్న కూడా లేచి, మెలిపెట్టిన వైరు కొసలు చేతిలోకి తీసుకున్నాడు, ఏదో ఒక పని చేసి తన తప్పు తగ్గించుకోవాలని ఆయన తహతహ.

“వైర్లు ఇప్పుడే మరలకు తగిలించేస్తామమ్మా. తుడిచినావు, ఆరింది. నువ్వు పొయ్యి చూసుకోని వస్తానే తిప్పేదే గదా. టైము మిగులుతాది.”

నిజమే అనిపించింది. తాళం తన మెడలో ఉంది. పెట్టె ఖాళీ, రవ్వ తన కళ్ల ముందే మెరిసింది, ఖాళీ పెట్టెకు వైరు తగిలిస్తే ఏమవుతుంది? ఇద్దరూ పని తెలిసినవాళ్లు, పట్టపగలు, తెలిసి తెలిసి చేసే పని. చెయ్యి ముందుకు వెళ్లింది కూడా. వెళ్లిన చెయ్యి వైరును కాకుండా పక్కనున్న రాగి తీగను తీసుకుంది, ఎందుకో ఆమెకు తెలియదు, చేతికి తెలుసు. కట్టినావా? విప్పి పసుపు తుడిచినప్పటి నుంచి కట్టలేదు. ముందు కడదాం, తరువాత ఆలోచిద్దాం. తీగ కొసలు రెండు మరలకూ తాకించింది.

టిక్.

నీలంగా. చిన్నదే. పట్టపగటి ఎండలో కూడా కనిపించేంత.

పాపన్న రెండడుగులు వెనక్కి వేశాడు. “తాళం నీ మెడలోనే ఉండాదే! యాడి నుంచి వచ్చింది?”

సవిత తీగను పట్టుకుని అలాగే నిలబడిపోయింది. బస్సులో నిద్రపోయేవాళ్లు. ఇందాక దీపం వెలిగాక కూడా తిప్పలేక, మొదటి రోజు భయంతో, ఎంతోసేపు అలాగే నింపి పట్టుకుంది కదా, అప్పుడు ప్లాస్టిక్‌లో మెల్లమెల్లగా ఒరిగిన అణువులు కొన్ని, లోలోపలివి, బరువైనవి, మొదటి రవ్వతో పాటు లేవలేదు. తీగ విప్పినప్పటి నుంచి, పసుపు తుడుస్తున్నప్పుడు, తను చావు గురించి ఆలోచిస్తున్నప్పుడు, ఎండలో ఆరుతున్న ఆ పెట్టె లోపల అవి ఒక్కొక్కటే నిటారుగా లేస్తున్నాయి, లేస్తూ రేకులను మళ్లీ నింపుతున్నాయి, బయటినుంచి ఒక్క చుక్క కరెంటు రాకుండా. లోపలి ప్లాస్టిక్ పొర ఆ ఒరుగును మరిచిపోలేదు. పాత పెట్టె, లోపల మిగిలినదాన్ని తనంతట తాను ఖాళీ చేసుకునే ఏర్పాటు దీనికి ఎప్పుడో చెడిపోయింది. ఇంకొన్ని నెలల్లో వైర్లతో పేల్చే పద్ధతే పోతుందట కదా, ఇప్పుడు కొత్త పెట్టె ఎందుకని ఓనరు కొనలేదు. ఇదంతా ఆమె పుస్తకంలో చదివింది, ఒక పేరా, పరీక్షలో రెండు మార్కులకు వచ్చింది, రాసింది. రాసినప్పుడు అది రవ్వలా మెరవలేదు. వైర్లు తగిలించి వెళ్లి ఉంటే ఈ రవ్వ గోడలో మెరిసేది. గోడ ముందు తను ఉండేది. కళ్లు తీగ మీది నుంచి తిప్పలేకపోయింది. చంపగలిగిన ఆ చిన్న నీలం రవ్వ ఎంత అందంగా ఉందో.

“నాయన ఎందుకు కట్టేవాడో ఇప్పుడు చూసినా చిన్నాయనా,” అంది. తీగ మరలకు చుట్టి, బిగించి, పెట్టెను ఆయన ఒళ్లో పెట్టింది. “ఇది నీ చేతిలోనే ఉండాల. నేను వచ్చేదాకా విప్పగూడదు.”

పాపన్న ఆ పెట్టెను రెండు చేతులతో పట్టుకున్నాడు, ఒకప్పుడు ఆమెను పట్టుకున్నట్టే. “పో తల్లీ,” అన్నాడు. “నేను ఊపిరి గూడా గట్టిగా తియ్యను.”

ఆమె నడిచింది. గూటికీ గోడకూ మధ్య ఇంత దూరం ఉందని ఎప్పుడూ తెలియలేదు. కాళ్ల కింద రాతిపొడి కరకరమంటోంది, మెడలో తాళం అడుగడుగుకూ గుండెకు తగులుతోంది, గద్ద నీడ ఒకసారి ఆమె మీదుగా పోయింది. గోడ దగ్గర నిలబడి ముందు విన్నది, తరువాత వాసన చూసింది, తరువాత కన్నం కన్నం వంగి చూసింది. పొగ లేదు, వేడి లేదు, కూరిన మట్టి కూరినట్టే ఉంది, వైర్ల ముళ్లు తను పొద్దున వేసినట్టే ఉన్నాయి, ఒక్కటీ తెగలేదు. గోడ తప్పు కాదు. చివరి కన్నం దగ్గర లేచి నిలబడి ఆ రాతిని ఒకసారి అరచేత్తో తట్టింది, కోట్ల ఏళ్లు పట్టుకున్నావు, ఇక వదిలెయ్యి అని. వెనక్కి తిరిగినప్పుడు గూటి దగ్గర పాపన్న, చెప్పినట్టే, విగ్రహంలా కూర్చుని ఉన్నాడు.

సైరను మళ్లీ కూసింది. జెండాలు లేచాయి. తీగ విప్పింది, పొడిగా ఉన్న మరలకు వైర్లు తగిలించింది, తాళం పెట్టింది. ఎర్రదీపం వెలిగింది. ఈసారి ఆమె ఆగలేదు.

గోడ ఒక్క క్షణం లోపలికి ఊపిరి పీల్చినట్టు ఉబ్బింది, ఆ తరువాతే మోత వచ్చింది, నేల ఆమె వెన్నులోంచి లేచి తలలోకి పోయింది, కొండంత రాయి ఏ తొందరా లేకుండా ముందుకు వంగి కూర్చుండిపోయింది, తెల్లటి దుమ్ము ఆకాశం దాకా లేచి ఎండను కప్పేసింది. చిన్న చుట్ట. రెండు రేకులు, మధ్య ఒక పొర. పాపన్న ఈసారి కళ్లు మూసుకోలేదు, నోరు తెరుచుకుని చూస్తూ ఉండిపోయాడు. దుమ్ము ఆ తెరిచిన నోట్లోకే పోయి దగ్గు వచ్చింది, దగ్గుతూ నవ్వాడు. సవిత తాళం తీసింది, వైర్లు ఊడదీసింది, తీగ తాకించింది. టిక్. కట్టింది. దుమ్ము అణిగేదాకా కూర్చుని, విప్పి, కాసేపు ఊరుకుని, మళ్లీ తాకించింది. మెరిసింది, ఇంకా చిన్నగా, నువ్వుగింజంత. మళ్లీ కట్టింది.

“ఇంగ మీద పూజ నేనే చేస్తా,” అన్నాడు పాపన్న. “పెట్టె వెనకపక్క. ఒట్టి పువ్వుతో.”

ఆఫీసులో రేకు డబ్బాలోంచి ఫోను తీసి తెరవగానే మోగింది. చిక్కమ్మ. ఇటు హలో అనేలోపే అటు గొంతు చించుకుంటోంది. “యాడ సచ్చినావే? ఇంతసేపు ఫోను ఆపేస్తారా ఎవరన్నా? మీ నాయన అన్నం గూడా తిన్లేదు, వాకిట్లో నిలబడుకోని ఉండాడు. ఒకటే అడగతా ఉండాడు, కట్టిందా, కట్టిందా అని. నేనేమి చెప్పేది?”

“రెండు తూర్లు కట్టినా అని చెప్పమ్మా.”

అటువైపు అమ్మ అరిచింది. రెండు తూర్లంట! అని, అర్థం కాకపోతే మళ్లీ, రెండు తూర్లు కట్టిందంట! లైనులో ఇళ్లన్నీ వినేలా. ఆ అరుపు విని సవిత ఆఫీసు గోడకు ఆనుకుంది. ఎవరిదో కుక్క మొరిగింది, అడుగులు గుమ్మం దాటి ఫోను దగ్గరికి వచ్చిన చప్పుడు. తన గొంతు తనకు వినిపించని మనిషి ఫోనులోకి గట్టిగా అడిగాడు.

“రెండోతూరి మెరిసిందా పాపా?”

“మెరిసింది నాయనా,” అంది సవిత, ఆయనకు వినిపించదని తెలిసీ.